కొత్త కెమెరా, తాతయ్య నాటకం, పన్నెండు రోజుల టైము

కొత్తచెయ్యి (తెనాలి దగ్గర పల్లె), ఆదివారం రాత్రి 10:15

అందరికీ నమస్కారం. ఇక్కడ నాకిదే మొదటి పోస్టు. మా అన్నయ్య న్యూజెర్సీ నుంచి వస్తూ సోనీ జెడ్‌వీ-ఈ10 కెమెరా తెచ్చాడు, దాంతో పాటు వచ్చే 16-50 లెన్స్‌తో సహా. ఇంతవరకు ఫోనుతో తప్ప వీడియో తీసినవాణ్ణి కాదు. శ్రీరామనవమి పందిట్లో మా తాతయ్య వాళ్ళ సమాజం పద్యనాటకం వేస్తోంది. తాతయ్యకి 78 ఏళ్ళు. రాయబారం సీనులో కృష్ణుడు ఆయనే. "ఇదే నా ఆఖరి కిరీటం రా" అని అయిదేళ్ళుగా అంటూనే ఉన్నాడు గానీ, ఈసారి ఆయన మోకాళ్ళు కూడా ఆ మాటే అంటున్నాయి. అందుకే సరిగ్గా తీసి దాచుకోవాలని ఉంది.

ఇవాళ రిహార్సల్‌కి వెళ్ళి గంటసేపు తీశా. ఇంటికొచ్చి టీవీలో పెట్టుకుంటే ఏడుపొక్కటే తక్కువ. ట్యూబులైటు కింద తీసిన దాంట్లో నల్లటి పట్టీలు పైకి పాకుతున్నాయి. తాతయ్య మొహం కాసేపు పసుపు, కాసేపు నీలం. చూస్తూంటే అమ్మకి తల తిరిగి లేచి వెళ్ళిపోయింది. పద్యం కన్నా సీలింగు ఫ్యాను బాగా వినిపిస్తోంది. అన్నయ్యకి చెప్పాలంటే మొహమాటంగా ఉంది. కెమెరాలోనే ఏదైనా లోపమంటారా? రెండు నిమిషాల ముక్క కింద పెట్టాను, చూడండి.

లెన్స్‌పురుగు, ఆదివారం రాత్రి 10:32

కిట్ లెన్స్‌తో రాత్రి నాటకమా బ్రో! ఎఫ్2.8 జూమ్ (వెలుగు ఎక్కువ తీసుకునే లెన్స్) ఒకటి తీసుకో, ఒక గింబల్ (చెయ్యి వణికినా కెమెరాని నిలకడగా పట్టే పిడి) తీసుకో. ఈ బాడీలో సెన్సర్ స్టెబిలైజేషన్ (వణుకు ఆపే ఏర్పాటు) లేదు. బడ్జెట్ ఎంత?

పాతక్యాసెట్ (హన్మకొండ), ఆదివారం రాత్రి 11:05

పన్నెండు రోజుల్లో నాటకం పెట్టుకున్న పిల్లవాడికి ముందు ఖర్చు చూపిస్తావా తమ్మీ? ఆగు.

బాబూ, కెమెరా బంగారంలా ఉంది. నేను ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీశాను, భుజం మీద మోసే వీహెచ్ఎస్ నుంచి మినీ డీవీ దాకా, అక్కడి నుంచి హెచ్‌డీ దాకా. నీ పట్టీల సంగతి ముక్క తెరవకముందే అర్థమైంది, న్యూజెర్సీ అన్నావు కనుక.

మన దగ్గర కరెంటు సెకనుకు 50 సైకిళ్ళది. సైకిల్‌కి రెండుసార్ల చొప్పున ట్యూబులైటు సెకనుకు వందసార్లు వెలిగి తగ్గుతుంది. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. అమెరికాలో కరెంటు 60 సైకిళ్ళది. అందుకే అక్కడ కొన్న కెమెరా ఎన్‌టీఎస్‌సీ అనే అక్కడి వీడియో పద్ధతిలో ఉంటుంది, సెకనుకు 30 లేదా 60 ఫ్రేములు (అంటే బొమ్మలు), షట్టర్ 1/60 (ఒక్కో బొమ్మకు వెలుగు తీసుకునే సమయం, సెకనులో అరవయ్యో వంతు). ఆ 1/60 సెకనులో మన లైటు ఒకటిన్నర సార్లకు పైన వెలుగుతుంది. అంటే లెక్క కుదరదు, సగంలో తెగుతుంది. ఒక ఫ్రేముకు ఎక్కువ వెలుగు, పక్క ఫ్రేముకు తక్కువ. నీకు పాకుతూ కనిపించిన పట్టీ అదే. షట్టర్ 1/50 పెడితే సరిగ్గా రెండుసార్లు, 1/100 పెడితే సరిగ్గా ఒక్కసారి. మిగులు లేదు, పట్టీ లేదు.

మెనూలో ఎన్‌టీఎస్‌సీ, పాల్ అని ఎంచుకునే చోటు ఉంటుంది. పాల్ పెట్టు, అది మన దగ్గరి పద్ధతి. 25 ఫ్రేములు, షట్టర్ 1/50. మార్చగానే కార్డు మళ్ళీ ఫార్మాట్ చెయ్యమంటుంది. దానికి ఒప్పుకునే ముందు ఇవాళ తీసింది కంప్యూటర్లో వేసుకో. చెడిపోయినా సరే, మొదటి షూటింగు ఉండాలి. నా మొదటి పెళ్ళి క్యాసెట్లో పెళ్ళికొడుకు కంటే పందిరి రాటే ఎక్కువసేపు ఉంది. దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను.

హ్యూస్టన్_మామయ్య, సోమవారం ఉదయం 6:50

నాది దీనికి తిరగేసిన కథ. హైదరాబాదులో కొన్న క్యామ్‌కార్డర్ ఇక్కడికి తెచ్చుకుని గుడిలో ఉగాది రోజు పిల్లల డ్యాన్సులు తీస్తే అవే పట్టీలు. దాన్ని 60కి మార్చే దారే లేదు, పాల్ ఒక్కటే. షట్టర్ 1/60 పెట్టి గట్టెక్కాను. కొత్త కెమెరాలు కొనేవాళ్ళు అన్నీ రెండు పద్ధతుల్లోనూ పనిచేస్తాయనుకోకండి, కొనేముందు మెనూ చూడండి.

ఎడిటింగ్‌టేబుల్ (హైదరాబాద్), సోమవారం ఉదయం 11:20

నేను ఎడిటర్‌ని. మీ రెండు నిమిషాల ముక్కా చూశాను. పట్టీల సంగతి పెద్దాయన చెప్పేశారు, నేను మిగతాది చెప్తాను, ఏమీ అనుకోవద్దు. ఈ రెండు నిమిషాల్లో పదకొండుసార్లు జూమ్ చేశారు. ఒక్క షాటైనా నాలుగు సెకన్లు నిలబడలేదు. తాతయ్యగారు రాగం ఎత్తుకోగానే కెమెరా హార్మోనియం మీదికి, అక్కడి నుంచి తలుపు దగ్గర నిలబడ్డ కుక్క మీదికి, మళ్ళీ ఆయన మీదికి వెళ్ళింది. కుక్క బాగుంది. ఆయన రాగమే పోయింది.

కొత్తగా కెమెరా పట్టిన ప్రతివాళ్ళూ గొట్టంతో మొక్కలకి నీళ్ళు కొట్టినట్టు తీస్తారు. దానికి మందు ఒకటే. రేపు పొద్దున మీ అమ్మగారు దోసెలు వేస్తుంటే వంటింట్లోకి వెళ్ళండి. అయిదు షాట్లు, ఒక్కోటి పది సెకన్లు. పిండి తిప్పే చెయ్యి, ఆవిడ మొహం, పెనమూ ఆవిడా కలిసి కనిపించేలా ఒకటి, ఆవిడ భుజం వెనక నుంచి ఒకటి, ఆఖరిది మీకు నచ్చింది. షాటు మధ్యలో జూమ్ ముట్టుకోవద్దు. దగ్గరగా కావాలంటే ఆపి, మీరే నాలుగడుగులు వేసి, మళ్ళీ మొదలుపెట్టండి. మోచేతులు పక్కటెముకలకి ఆనించండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆరు దగ్గర చెయ్యి కదిలించాలని దురద పుడుతుంది, ఓర్చుకోండి.

కొత్తచెయ్యి, మంగళవారం మధ్యాహ్నం 1:40

పాల్ పెట్టాను, పట్టీలు మాయం! చాలా థాంక్స్ అండీ బాబాయ్‌గారూ.

ఎడిటింగ్‌టేబుల్ అక్కా, దోసెలు తీశాను. మొత్తం పద్నాలుగు తినాల్సి వచ్చింది, ఎందుకంటే ప్రతిసారీ ఆరు దగ్గరే చెయ్యి కదిలింది. ఆఖరి అయిదు షాట్లు వరసగా అతికించి కింద పెట్టాను. ఎందుకో ఒకచోట ఎబ్బెట్టుగా ఉంది. ఎక్కడో తెలియడం లేదు.

ఎడిటింగ్‌టేబుల్, మంగళవారం మధ్యాహ్నం 3:15

మూడో షాటుకీ నాలుగో షాటుకీ మధ్య. మూడోదాంట్లో అమ్మగారు పెనం వైపు, అంటే తెరలో కుడికి తిరిగి ఉన్నారు. నాలుగోదానికి మీరు స్టవ్ చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళిపోయారు, ఆవిడ ఎడమకి తిరిగిపోయారు. చూసేవాడికి స్టవ్వే ఇల్లు మారినట్టుంటుంది. మనిషికీ పెనానికీ మధ్య ఒక తాడు కట్టారనుకోండి. ఆ తాడుకి ఒక పక్కనే ఉండండి, దాటొద్దు. నాటకంలో ఇది ఇంకా ముఖ్యం. కృష్ణుడు ఎడమ నుంచి మాట్లాడితే దుర్యోధనుడు కుడి నుంచి జవాబు చెప్పాలి. మీరు స్టేజీ ముందు ఉన్నంతసేపు పరవాలేదు. ఉత్సాహం వచ్చి సైడు తెర వెనక్కి వెళ్ళారంటే కౌరవసభ అటూ ఇటూ అయిపోతుంది.

చట్నీ షాటు మాత్రం చాలా బాగుంది.

హార్మోనియంపెట్టె (విజయవాడ), మంగళవారం రాత్రి 9:30

ఇంతమంది ఇన్ని చెప్పారు, సౌండు గురించి ఒక్కరూ మాట్లాడలేదు. పద్యనాటకం చెవులతో చూసేది నాయనా. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం క్షమిస్తారు, పద్యం వినపడకపోతే తీసి ఏం లాభం?

కెమెరా మీది మైకు కెమెరా ఉన్నచోటే వింటుంది. నువ్వు జూమ్ చేస్తే మొహం దగ్గరికొస్తుంది గానీ గొంతు రాదు. ఇరవై అడుగుల దూరం నుంచి దానికి వినిపించేది ఫ్యాను, పక్కవాడి దగ్గు, వేరుశెనక్కాయలు వలిచే చప్పుడు. అందుకని మైకుసెట్టు అబ్బాయిని ఈ వారంలోనే మంచి చేసుకో, టీ ఇప్పించు. వాడి మిక్సర్లో పెన్‌డ్రైవ్‌కి రికార్డింగు ఉంటే సగం పని అయిపోయినట్టే. లేకపోతే నీ పాత ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, రికార్డింగు నొక్కి, స్టేజీ ముందు అంచున గుడ్డ మీద ఉంచు. ఉత్త చెక్క మీద పెట్టకు, అడుగుల చప్పుడు డప్పులా వస్తుంది. మిక్సర్ నుంచి వైరు లాగి తిన్నగా కెమెరా మైకు కన్నంలో దోపకు. లైను సౌండు మైకు సౌండుకన్నా చాలా పెద్దది, బొంగురుపోయి పగిలిపోతుంది.

తర్వాత బొమ్మనీ సౌండునీ కలపాలి కదా. సినిమావాళ్ళు క్లాప్ కొడతారు. నీకు ఆ ఖర్చు కూడా లేదు, నాటకం మొదలయ్యే ముందు గంట కొడతారుగా! ఆ గంటకి ముందే కెమెరా, ఫోను రెండూ నడుస్తూ ఉండాలి. ఎడిటింగులో గంటకి గంట ఆనించు. రెండు యంత్రాల గడియారాలూ కచ్చితంగా ఒకటిగా నడవవు, గంటా రెండు గంటల్లో పెదవులకీ మాటకీ కాస్త తేడా వస్తుంది. ప్రతి సీనుకీ గంట ఉంటుంది కాబట్టి ప్రతి సీనుకీ మళ్ళీ సరిచేసుకోవచ్చు.

కెమెరాలో సౌండు ఆటోలో వదలకు. తాతగారు రాగం ముగించి ఊపిరి తీసుకునే లోపు అది ఫ్యానుని పైకి లేపుతుంది. రిహార్సల్లో ఆయన అన్నిటికన్నా గట్టిగా ఎత్తుకున్న చోట కెమెరా సౌండు మీటరు మైనస్ 12, మహా అయితే మైనస్ 6 దాకా వెళ్ళేలా పెట్టి వదిలెయ్. సున్నా తాకిందంటే ఆ పద్యం పోయినట్టే, దాన్ని ఏ ఎడిటరూ బాగుచెయ్యలేడు.

ఎడిటింగ్‌టేబుల్, మంగళవారం రాత్రి 9:48

నిజం. ప్రతి నెలా ఒకరైనా వచ్చి "అక్కా, ఈ సౌండు కొంచెం సరిచెయ్యవా" అంటారు.

లెన్స్‌పురుగు, బుధవారం ఉదయం 8:10

బాబాయ్ తిట్టారని కాదు గానీ రాత్రి లెక్క వేశాను. ఈ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. స్టేజీకి ఇరవై అడుగుల దూరంలో కూచుంటే జూమ్ 16 దగ్గర సుమారు 29 అడుగుల వెడల్పు పడుతుంది, 50 దగ్గర 9 అడుగులు. అంటే అక్కడ కూచుంటే మొత్తం స్టేజీ వస్తుంది, కృష్ణుడూ దుర్యోధనుడూ కలిసి ఉన్న షాటూ వస్తుంది. కొత్త లెన్స్ అక్కర్లేదు. ఒక్క మొహం నిండుగా కావాలంటే మాత్రం రాదు. డిజిటల్ జూమ్ వాడొద్దు.

జూమ్ 50 దగ్గర లెన్స్ కన్నం ఎఫ్5.6 దాటి తెరుచుకోదు. షట్టర్ 1/50 వదలకూడదు కాబట్టి ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులోనూ బొమ్మని ప్రకాశవంతం చేసే సెట్టింగు) పెంచడమే దారి. 3200 దాకా భయం లేకుండా వెళ్ళు. గింబల్ వద్దు, నేనే అన్నాను, నేనే వెనక్కి తీసుకుంటున్నా. స్టాండు సంపాదించు, స్టాండు మీద లెన్స్ స్టెబిలైజేషన్ ఆపెయ్.

కార్డు మాటేమిటి? 25 ఫ్రేముల హెచ్‌డీ మంచి క్వాలిటీలో సెకనుకు 50 మెగాబిట్లు. బైట్లలో 6 చిల్లర మెగాబైట్లే, వీ30 అని రాసి ఉన్న ఏ కార్డయినా చాలు. 64 జీబీలో రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పడుతుంది.

పాతక్యాసెట్, బుధవారం ఉదయం 9:02

శభాష్ తమ్మీ. కానీ 64 చాలదు, 128 పెట్టమను. పద్యనాటకంలో "వన్స్ మోర్" అని ఒకటుంది. ఏ పద్యానికి ఎన్నిసార్లు అంటారో రాముడికే తెలియాలి.

బాబూ, వెలుగు గురించి రెండు ముక్కలు. తాతగారి కిరీటం చమ్కీలు, భుజకీర్తులు లైటు పడితే కెమెరాకు అద్దంలా కొడతాయి. ఆటోలో వదిలితే కిరీటాన్ని చూసి భయపడి మొహాన్ని చీకటి చేస్తుంది. ఆయన పక్కకు తప్పుకుంటే వెనక నల్ల తెర చూసి అందరినీ తెల్లగా మండిస్తుంది. కాబట్టి మాన్యువల్. కిరీటం మండితే మండనీ, మొహం చూసుకో. జీబ్రా గీతలు ఆన్ చెయ్యి, నువ్వు పెట్టిన వెలుగు అంకెకు చేరిన చోట తెర మీద చారలు కనిపిస్తాయి. మొహానికి 70 పెట్టమని పుస్తకాల్లో రాస్తారు, అది తెల్లవాళ్ళ చర్మానికి. మన మొహాలకు 50, 60 మధ్య చాలు. అందునా ఆయనకు నీలం రంగు పూస్తారు, ఇంకాస్త తక్కువే ఉండొచ్చు.

మొహం పసుపు, నీలం అయిందన్నావు, అది ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే లైటు రంగును బట్టి కెమెరా తనంతట తాను రంగులు సరిచేసుకోవడం. తెర నిండా నీలం కృష్ణుడు వస్తే అది తికమకపడుతుంది. హాలోజన్ లైట్లయితే వైట్ బ్యాలెన్స్‌ని 3200 కెల్విన్ దగ్గర బిగించెయ్యి. రంగు కాగితాలు తిప్పినా ముట్టుకోకు, స్టేజీ మీద ఎరుపు వస్తే నీ బొమ్మలోనూ ఎరుపు రావాలి.

ఇంకొకటి. మా డీవీ క్యాసెట్లో బొమ్మ 720కి 576 చుక్కలు. హెచ్‌డీలో 1920కి 1080, సరిగ్గా అయిదు రెట్లు. ఫోకస్ బెత్తెడు తప్పినా ఆ రోజుల్లో ఎవరికీ తెలిసేది కాదు, ఇప్పుడు టీవీలో మీసానికి అంటించిన జిగురు కూడా కనిపిస్తుంది. వెనకాల మసక చేసే బటన్ ఒకటి ఉంటుంది నీ కెమెరాలో, నాటకంలో దాని జోలికి పోకు.

కొత్తచెయ్యి, బుధవారం రాత్రి 8:25

ఆ బటన్ నొక్కాను! రిహార్సల్లో హార్మోనియం తాత మసకగా ఎందుకున్నాడో ఇప్పుడు తెలిసింది.

తెనాలిలో ఫోటో స్టూడియో ఆయన దగ్గర స్టాండు అడిగి తెచ్చాను. దాని తల నున్నగా తిరుగుతోంది, నూనె పోసినట్టు. 128 కార్డు కొన్నాను. మైకుసెట్టు అబ్బాయికి టీతో సరిపోలేదు, బజ్జీలు కూడా అయ్యాయి. పెన్‌డ్రైవ్ రికార్డింగు ఉందట.

ఎడిటింగ్‌టేబుల్, బుధవారం రాత్రి 8:40

మంచిది. ఇంకో పని. మిగిలిన రిహార్సళ్ళలో పద్యాలు తియ్యకండి. హార్మోనియం మెట్ల మీద వేళ్ళు, తబలా, రంగు పూసుకునే అద్దం, గజ్జెలు, చూస్తూ కూచున్న పిల్లలు, ఇవి తియ్యండి. ఒక్కోటి పదిహేను సెకన్లు, ఓ ముప్ఫై షాట్లు. నాటకం రోజు మీరు ఎక్కడో ఒకచోట తప్పు చేస్తారు, అందరం చేస్తాం. ఆ కన్నానికి అతుకు వెయ్యడానికి ఇవి కావాలి.

హ్యూస్టన్_మామయ్య, గురువారం ఉదయం 7:05

పవర్ బ్యాంకు మర్చిపోవద్దు. ఈ కెమెరా టైప్-సీ వైరు మీద నడుస్తూనే రికార్డు చేస్తుంది, మెనూలో యూఎస్‌బీ పవర్ ఆన్ ఉండాలి. ఎండాకాలం కదా, వేడెక్కితే ఆగిపోయే చోటు కూడా మెనూలో 'హై'కి మార్చుకో. 4కె వద్దు, హెచ్‌డీలోనే వేడి తక్కువ.

కొత్తచెయ్యి, నాటకం అయిన మర్నాడు, సాయంత్రం 5:50

అయిపోయింది. పదిన్నరకి గంట కొట్టారు, రెండింటికి పది నిమిషాలు ఉందనగా మంగళం పాడారు. ఇప్పుడే నిద్ర లేచాను.

మొదటి గంటా యాభై నిమిషాలు అద్భుతం. చేతులు స్టాండు మీద పెట్టి, నోటితో పది లెక్కపెట్టుకుంటూ తీశాను. పక్కనున్న పెద్దాయన నేను జపం చేస్తున్నాననుకున్నాడు. పన్నెండు ఇరవైకి కరెంటు పోయింది. జనరేటర్ వేశారు. స్టేజీ లైట్లు మామూలుగానే ఉన్నాయి గానీ పక్కన కట్టిన ట్యూబులైట్ల కింద పట్టీలు మళ్ళీ సన్నగా పాకడం మొదలుపెట్టాయి. షట్టర్ చూస్తే 1/50లోనే ఉంది! ఇది ఎందుకొచ్చింది?

ఇంకోటి. తాతయ్య మొదటి పద్యానికే వన్స్ మోర్ పడింది. చప్పట్లు కొట్టేవాళ్ళని తీద్దామని కెమెరా జనం వైపు తిప్పాను. ఈ లోపల ఆయన ఎత్తుకున్నాడు. తిరిగొచ్చి ఫోకస్ కుదిరేసరికి మొదటి పాదం పోయింది. ఇది తలుచుకుంటే కడుపులో తిప్పుతోంది.

పాతక్యాసెట్, అదే సాయంత్రం 6:20

జనరేటర్ సరిగ్గా 50 మీద నడవదు బాబూ, బరువును బట్టి 51, 52 అవుతుంది. ట్యూబులైటు దాని వెంటే పోతుంది. హాలోజన్‌లో తీగ ఎర్రగా కాలి ఉంటుంది, అంత తొందరగా చల్లారదు, అందుకే స్టేజీ మీద తెలియలేదు. నీ తప్పేం లేదు. ఈసారి ఆ ట్యూబులు ఆపించెయ్యి.

ఎడిటింగ్‌టేబుల్, అదే సాయంత్రం 6:31

సౌండు పెన్‌డ్రైవ్‌లో ఉందిగా? మొదటి పాదం కింద హార్మోనియం వేళ్ళు పెట్టండి. పాట ఎత్తుకునేటప్పుడు వేళ్ళు చూపించడం చాలా సహజంగా ఉంటుంది. వేళ్ళు వేరే రాగం వాయిస్తున్నట్టు అందులో తెలియకుండా చూసుకోండి, హార్మోనియంపెట్టె గారి లాంటివాళ్ళు పట్టేస్తారు.

హార్మోనియంపెట్టె, అదే సాయంత్రం 6:33

తప్పకుండా పడతాను.

కొత్తచెయ్యి, మూడు రోజుల తర్వాత, రాత్రి 9:10

అతుకు పడింది. అమ్మకి తెలియలేదు, హార్మోనియం తాతకి మాత్రం తెలిసింది. "ఇది మంగళవారం నాటి చెయ్యి రా" అన్నాడు.

నిన్న రాత్రి టీవీలో తాతయ్యకి మొత్తం చూపించాను. ఏమీ మాట్లాడకుండా చూశాడు. రాయబారం అయ్యాక ఒక్కసారి వెనక్కి పెట్టమన్నాడు, మళ్ళీ పెట్టమన్నాడు. నేను ఏదో అంటాడని ఎదురుచూస్తున్నా. చివరికి, "కిరీటం ఎడమకి వాలి ఉంది. ఇంతమంది ఉండి ఒక్కడూ చెప్పలేదేంరా? వచ్చే ఏడు లోపల అట్ట వేయించాలి" అని లేచి పడుకోడానికి వెళ్ళిపోయాడు.

ఇంకో విషయం. పక్క ఊరి సమాజం వాళ్ళు ఈ వీడియో చూసి వచ్చే నెల వాళ్ళ నాటకం తియ్యమంటున్నారు, డబ్బులిస్తారట. ఎంత అడగాలి బాబాయ్‌గారూ?

పాతక్యాసెట్, అదే రాత్రి 9:26

దానికి వేరే చర్చ మొదలుపెట్టు. ముందు స్టూడియో ఆయన స్టాండు తిరిగి ఇచ్చి రా.